చెప్పి మరీ పరిగెత్తింది

నాగేశ్వరమ్మకు ఈత వచ్చు, సైకిలు వచ్చు. పరుగే రాదు. ఈ మాట ఆమె మొగుడు ధనరాజు చెబితే పాలకాయతిప్పలో ఎవరూ నమ్మలేదు. తెల్లవారగానే పడవల దగ్గర బేరమాడి, చేపల గంపను సైకిలు వెనక కట్టుకుని, కోడూరు దాకా తొక్కుకెళ్ళి, ఎండ ముదిరేలోపు అమ్మేసి ఇంటికొచ్చే మనిషి ఆమె. పీతల కోసం పాయలో దిగిందంటే ఈ ఒడ్డున మునిగి ఆ ఒడ్డున తేలుతుంది. అలాంటిది రెండొందల గజాలు పరిగెత్తలేదంటే ఎవరు నమ్ముతారు? ధనరాజు మాత్రం కళ్ళారా చూశాడు.

రెండేళ్ళ కిందట మాఘ పౌర్ణమి నాడు చూశాడు. హంసలదీవి సాగరసంగమంలో స్నానాలు జరుగుతున్నాయి. పెదపారుపూడి వైపు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్ల ఒకత్తి కాలు జారి లోతులోకి పోయింది. అక్కడి కేకలు విని, అంత దూరాన చేపలమ్ముకుంటున్న నాగేశ్వరమ్మ గంప వదిలేసి పరుగందుకుంది. సగం దూరం ఎంత వేగంగా వెళ్ళిందో చెప్పలేం. మిగతా సగంలో ఊపిరందక ఇసకలో మోకాళ్ళ మీద పడిపోయింది. లేచి, మళ్ళీ పడి, నీళ్ళదాకా చేరేసరికి ఆ పిల్ల కనపడలేదు. నీళ్ళలోకి దిగితే ఎవరినైనా ఒడ్డుకు లాక్కురాగలిగిన మనిషి, నీళ్ళదాకా చేరలేకపోయింది. ఆ తర్వాత నెలరోజులు ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

2003లో వానాకాలం వెళ్ళాక బందరు నుంచి ఒక కాగితం వచ్చింది. తీరం వెంబడి కాపలాకు ఒక దళాన్ని పెడుతున్నారట. అందులో ఆడవాళ్ళకు రెండు ఉద్యోగాలు. వయసు ముప్పై మూడు దాటకూడదు. పరీక్ష సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకు. అర కిలోమీటరు ఈత, పదహారు కిలోమీటర్లు సైకిలు, ఐదు కిలోమీటర్లు పరుగు, ఒకదాని వెంట ఒకటి. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. పరుగులో నాలుగడుగులు నడిచినా పేరు కొట్టేస్తామని కింద గీత గీసి మరీ రాశారు. ఆఫీసుల్లో ఫ్యాను కింద కూర్చుని ఇలాంటి షరతులు పెట్టేవాళ్ళను చూస్తే మామూలుగా ఒళ్ళు మండుతుంది. ఈసారి మాత్రం వాళ్ళను తిట్టడానికి లేదు. మునిగిపోతున్న మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి ప్రయోజనం ఏముంది?

నాగేశ్వరమ్మకు అప్పటికి ముప్పై రెండు. కాగితం చదివించుకుని, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టి, "మావా, ఇది నాది," అంది.

"పరుగు సంగతేంటే?" అన్నాడు ధనరాజు.

"నేర్చుకుంటా."

కోడూరులో ఆమె దగ్గర వారానికి రెండుసార్లు చేపలు కొనే రామబ్రహ్మం గారు డ్రిల్లు మాస్టారు. సంగతి విని ఆయన సంబరపడిపోయాడు. పాత పరీక్ష పేపరు వెనక్కి తిప్పి, పరీక్షకు మిగిలిన పన్నెండు వారాలకూ గళ్ళు గీసి ఇచ్చాడు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిదిసార్లు. వారానికి నాలుగు రోజులే. ఆదివారం కాస్త ఎక్కువ దూరం. ప్రతి వారం పెంచాలి గానీ చిటికెడే పెంచాలి.

"అసలు కిటుకు ఇదీ నాగేశ్వరమ్మా. ఆయాసం రానంత నెమ్మదిగా పరిగెత్తాలి," అన్నాడాయన.

"ఆయాసం రాకపోతే అది పరుగెట్టా అవుద్దండీ?"

"అవుతుంది. నా మాట విను."

ఆమె వినలేదు. వినకపోవడానికి కారణం పొగరు కాదు. పుట్టినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన పనుల్లో నెమ్మదిగా చేసేది ఒక్కటీ లేదు. చేప పడవ దిగిన క్షణం నుంచీ పాడవడం మొదలుపెడుతుంది. సైకిలు నెమ్మదిగా తొక్కితే గంపలో కానాగంతలు కళ్ళు తేలేస్తాయి, కొనేవాళ్ళు మూతి తిప్పుతారు. పైగా ఇంట్లో ధనరాజు సలహా ఒకటి. వల లాగేవాడు ఊపిరి బిగబట్టి ఒక్క పట్టున లాగుతాడు కదా, అలాగే పరిగెత్తమన్నాడు. అతనికి తెలిసిన బలం అదొక్కటే, పాపం. పరుగు గురించి తనకేమీ తెలియదన్న సంగతి కూడా అతనికి తెలియదు.

మొదటిరోజు తెల్లవారుతుండగా, చీర కొంగు నడుముకు బిగించి, ఇంటి ముందు నుంచి సముద్రం వైపు పరుగందుకుంది. ధనరాజు పడవ అడుగున చీలిక పడి ఆ వారం ఒడ్డునే ఉంది. అతను అరుగు మీద వల బాగుచేసుకుంటూ చూస్తున్నాడు. మిగతా పడవలన్నీ ముందురోజే వెళ్ళాయి. రాత్రి గాలి కాస్త గట్టిగా వీచింది.

ఆమె మూడో ఇల్లు దాటగానే ఆ ఇంటి చిట్టెమ్మ పొయ్యి మీద గంజి వదిలేసి బయటికొచ్చింది. ఏడో ఇల్లు దాటేసరికి వెనక నలుగురు పరిగెడుతున్నారు. పదో ఇల్లు దాటాక ఎంతమందో లెక్క తెలియలేదు. ఎవరూ ఏమీ అడగలేదు, అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఆ ఊళ్ళో ఆడమనిషి పొద్దున్నే సముద్రం వైపు పరిగెత్తిందంటే అర్థం ఒకటే. వెళ్ళిన పడవ ఒకటి ఇక రాదు. ఎవరి పడవన్నదే తెలియాలి.

నాగేశ్వరమ్మకు వెనక నుంచి ఏడుపులు వినపడ్డాయి. ఎవరింట్లోనో ఘోరం జరిగిందనుకుని ఆమె ఇంకా వేగం పెంచింది. ఆమె పెంచేకొద్దీ వెనకవాళ్ళు పెంచారు. ఒడ్డు చేరేసరికి ఊరు ఊరంతా అక్కడుంది. సముద్రం తన మానాన తానుంది. అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. "ఏమైందే? ఎవరిది?" అని చిట్టెమ్మ భుజాలు పట్టుకుని ఊపింది. ఏం లేదు అని రెండు మాటలు చెబితే సరిపోయేది. ఆ రెండు మాటలకు సరిపడా ఊపిరి నాగేశ్వరమ్మ దగ్గర లేదు. నోరు తెరిచి చెయ్యి ఊపింది. ఆ ఊపడం చూసి ఇద్దరు ఇసకలో కూలబడి గుండెలు బాదుకున్నారు.

ధనరాజు పరుగున వచ్చి, దండం పెట్టి, సంగతి చెప్పాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ తిన్న తిట్లు రాయడానికి కాగితం చాలదు. ధనరాజుకు ఆరోజు పెళ్ళాం మీద కంటే తన మీద తనకే కోపం వచ్చింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి, అంత చిన్న సంగతి తోచలేదు.

సాయంత్రం అచ్చమ్మ వచ్చింది. డెబ్బయ్యేళ్ళ మనిషి. ఉప్పెనలో మొగుణ్ణీ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుంది. ఆమె మాటంటే ఊరికి గౌరవం కంటే కూడా భయం ఎక్కువ. పరుగు మానెయ్యమంటుందని నాగేశ్వరమ్మ తల దించుకుని కూర్చుంది.

"ఎందుకే నీకీ పరుగు?" అని అడిగింది అచ్చమ్మ.

నాగేశ్వరమ్మ పెదపారుపూడి పిల్ల సంగతి చెప్పింది. చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

"అయితే పరిగెత్తు," అంది అచ్చమ్మ. "కానీ మా గుండెలు ఆపమాకు. ప్రతి గుమ్మం ముందూ 'ఏం లేదు, ఊరికే పరిగెడుతున్నా, పడవలు బాగానే ఉన్నాయి' అని చెప్పి మరీ పరిగెత్తు. లోపల పొయ్యి దగ్గరున్నవాళ్ళకి కూడా వినపడాలి. చెప్పడానికి ఊపిరి చాలకపోతే అక్కడే ఆగి నడువు. చెప్పకుండా ఒక్క గుమ్మం దాటినా నేనే వచ్చి కాళ్ళకు అడ్డం పడతా."

ధనరాజుకు ఒళ్ళు మండింది. ముసలమ్మ పరుగు మానమని నేరుగా చెప్పలేక ఈ పితలాటకం పెట్టిందనుకున్నాడు. నాగేశ్వరమ్మకూ అలాగే అనిపించింది. కానీ ఒప్పుకోక చేసేదేముంది?

వీధిలో వరసగా అరవై నాలుగు ఇళ్ళు. మర్నాడు నాలుగు ఇళ్ళు చెప్పగలిగింది. ఐదో ఇంటి దగ్గర నోరు పెగల్లేదు, నడిచింది. ఊపిరి తిరిగాక మళ్ళీ పరుగు, మళ్ళీ నాలుగు ఇళ్ళు. మూడోరోజుకు ఆమెకు ఒక సంగతి తెలిసింది. అడుగు చిన్నది వేసి, ఒంటిని వదులు చేసి, కాస్త నెమ్మదిస్తే ఆరో ఇంటికి కూడా మాట మిగులుతోంది. ఇంకా నెమ్మదిస్తే తొమ్మిదో ఇంటికి. అలా నెమ్మదించి నెమ్మదించి, కోళ్ళు కూడా దారి ఇవ్వనంత నెమ్మదిగా పరిగెత్తడం మొదలుపెట్టింది. ధనరాజు అరుగు మీద నుంచి చూసి సిగ్గుతో వలలోకి మొహం దించుకున్నాడు. దీనికంటే అచ్చమ్మ చేతికర్రతో ముందు వెళ్ళిపోతుందని చిట్టెమ్మ అందరూ వినేలా అంది.

నాగేశ్వరమ్మ ఉడుక్కోలేదు. ఎవరేమన్నా, ఆ గుమ్మం దాటేలోపు ఆ ఇంటికి చెప్పాల్సిన మాట చెప్పి వెళ్ళేది. రెండో వారానికి పంతొమ్మిది ఇళ్ళు. నాలుగో వారానికి ముప్పై ఎనిమిది. ఇళ్ళవాళ్ళు కూడా ఊరుకోలేదు. మొదట్లో లోపలి నుంచి "సరేలే" అనేవాళ్ళు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. నిన్న చందువ చేపలు ఏం ధర పలికాయి, కోడూరులో మా ఆడబిడ్డ కనపడిందా, ఆవిడ జ్వరం తగ్గిందా అని. అన్నింటికీ పరిగెత్తుతూనే జవాబు చెప్పాలి. చెప్పకపోతే మాట పడాలి. ఒకత్తి అయితే చివరింట్లో చెల్లెలికి చెప్పమని కబురు కూడా అంటగట్టింది. ఆ కబురు దారిలో మరిచిపోకుండా, ఊపిరి తప్పకుండా, అక్కడికి చేర్చింది నాగేశ్వరమ్మ. రామబ్రహ్మం గారి గళ్ళలో ఈ విద్య ఎక్కడా లేదు.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. కార్తీకంలో ఒక ఆదివారం ఉత్సాహం ఆగక, మాస్టారి కాగితంలో ఉన్నదానికి రెట్టింపు దూరం పరిగెత్తింది. మోకాలు వాచి పది రోజులు సైకిలు కూడా ఎక్కలేదు. ధనరాజు ఆముదం కాచి రాసి, నోటికొచ్చినట్టు తిట్టి, గంప తానే కోడూరు తీసుకెళ్ళాడు. బేరం చేతకాక సగం చేపలు తిరిగి తెచ్చాడు. ఆరోజు నుంచి ఆమె పనిని అతను చిన్నచూపు చూడలేదు.

మోకాలు తగ్గాక ఇంకో కష్టం మొదలైంది. పరీక్షలో సైకిలు దిగగానే పరిగెత్తాలి. కోడూరు నుంచి వచ్చి, గంప దించి, అలాగే పరుగందుకుంటే కాళ్ళు మాట వినలేదు. "ఇవి నా కాళ్ళు కావు మావా, ఎవరివో తగిలించారు," అనేది. అయినా వారానికి రెండుసార్లు అలాగే చేసింది. మొదటి పది ఇళ్ళు ఆ కాళ్ళతో ఈడ్చుకుంటూ వెళితే, పదకొండో ఇంటికల్లా కాళ్ళు మళ్ళీ తనవయ్యేవి. ఆ పది ఇళ్ళు ఓర్చుకోవడమే సంగతంతా.

పుష్యమాసం వచ్చేసరికి వీధి ఆమెకు చాలలేదు. అరవై నాలుగు ఇళ్ళు వెళ్ళి, వచ్చి, హంసలదీవి రోడ్డెక్కేది. అక్కడ ఇళ్ళు లేవు. అలవాటు కొద్దీ తాడిచెట్లకూ గేదెలకూ పడవలు బాగానే ఉన్నాయని చెప్పుకుంటూ పోయేది.

ఒక ఆదివారం రామబ్రహ్మం గారు గడియారం పట్టుకుని వచ్చాడు. సైకిలు మీద పక్కనే వస్తూ చూశాడు. నాగేశ్వరమ్మ నలభై నిమిషాలు ఆగకుండా పరిగెత్తింది. ఆ నలభై నిమిషాలూ ఆయనతో ఆయన భార్య చేసే పులుసులో చింతపండు ఎందుకు ఎక్కువవుతోందో వివరంగా మాట్లాడింది. ఆయన సైకిలు దిగి, ఇదంతా ఎలా సాధించావని అడిగాడు. అచ్చమ్మ షరతు సంగతి విని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నేను చెప్పింది కూడా అదే కదమ్మా. మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తమనేగా దానర్థం. నా మాట ఒక్కటీ వినలేదు, ఆ ముసలమ్మ మాట విన్నావు."

"మీ మాట వినకపోతే మోకాలు వాచిందండీ. ఆమె మాట వినకపోతే ఊరు ఏడుస్తది," అంది నాగేశ్వరమ్మ.

పరీక్షరోజు సముద్రపొడ్డుకు ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు. గుడివాడ కాలేజీలో పరుగు పందేల్లో కప్పులు గెలిచిన లక్ష్మీదుర్గ కాళ్ళకు తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది. పెడన నుంచి కలంకారీ అద్దకం చేసేవాళ్ళ పిల్ల రేవతి వచ్చింది. చిన్నప్పటి నుంచీ కాలవలో నడుంలోతు నీళ్ళలో నిలబడి బట్టలు జాడించిన పిల్ల. మిగతా ఇద్దరు బందరు పిల్లలు. ఈ నలుగురికీ ఇరవై, ఇరవై రెండేళ్ళు. నాగేశ్వరమ్మ చిట్టెమ్మ కూతురి దగ్గర అడిగి తెచ్చుకున్న పంజాబీ డ్రస్సు తొడుక్కుని, ఉత్త కాళ్ళతో నిలబడింది.

ఈతలో ఆమెను చూడ్డానికి కళ్ళు చాల్లేదు. మిగతావాళ్ళు సగంలో ఉండగానే ఒడ్డెక్కింది. సైకిలు మీద కూడా ఆమే ముందు. వెనక గంప లేకపోయేసరికి బండి తేలిపోతోందని నవ్వుతూ చెప్పి పోయింది. పరుగు మొదలయ్యాక కథ తిరగబడింది. మొదటి కిలోమీటరులోనే లక్ష్మీదుర్గ ఆమెను దాటింది. తర్వాత రేవతి. ఆ తర్వాత బందరు పిల్లల్లో ఒకత్తి. ఉద్యోగాలు రెండు, ఈమె స్థానం నాలుగు. నాగేశ్వరమ్మ వాళ్ళ వంక చూడను కూడా చూడలేదు. తన చిన్న అడుగులు తాను వేసుకుంటూ వెళ్ళింది.

ధనరాజు మూడో కిలోమీటరు రాయి దగ్గర కాచుకున్నాడు. ముందు రేవతి వెళ్ళింది. చాలాసేపటికి లక్ష్మీదుర్గ వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది. ఇసక బాట మొదలైన చోట ఆ పిల్ల ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నడిచింది. పక్కన సైకిలు మీద వెంట వస్తున్న పరీక్షవాళ్ళ మనిషి పేరు కొట్టేశాడు. ఆ పిల్ల ఏడుస్తుంటే ధనరాజుకు జాలేసింది. దానివెంటే చిన్న సంతోషం కూడా కలిగింది, దానికి సిగ్గుపడ్డాడు. బందరు పిల్ల అంతకుముందే కూర్చుండిపోయిందని ఎవరో అన్నారు.

అప్పుడు నాగేశ్వరమ్మ వచ్చింది. వీధిలో ఎలా పరిగెత్తేదో అలాగే వచ్చింది. ధనరాజు ఉండబట్టలేక బాట పక్కన ఇసకలో ఆమెతో పాటు పరుగందుకున్నాడు.

"నువ్వెందుకు మావా? పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?" అంది.

అతను జవాబు చెప్పబోయాడు. ఊపిరి బిగబట్టి వల లాగే మనిషి, నూట యాభై గజాలకే డొక్కలో పోటు వచ్చింది. నోటి నుంచి గాలి తప్ప మాట రాలేదు. ఆమె పక్కకు చూసి నవ్వింది.

"ఆగిపో మావా. నేను వెళ్ళొస్తా."

అతను ఆగిపోయాడు. ఆమె వెళ్ళింది. ఎదుట ఇసక, పక్కన సముద్రం, ఆమె వీపు చిన్నదవుతూ పోతోంది. పదిహేనేళ్ళుగా పడవెక్కుతూ 'వెళ్ళొస్తా' అన్నది అతను, ఒడ్డున నిలబడింది ఆమె. నిలబడటం ఇలా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. గర్వంతో గుండె నిండిపోయింది. ఆ గర్వం కింద భయం కూడా ఉంది. ఆమె కనపడకుండా పోయేదాకా అక్కడి నుంచి కదల్లేకపోయాడు.

అతను నడుచుకుంటూ చివరిదాకా చేరేసరికి అంతా అయిపోయింది. రేవతి మొదట, నాగేశ్వరమ్మ రెండు. ఇద్దరే నడవకుండా చేరారు. నాగేశ్వరమ్మ చెంబుతో నీళ్ళు తాగుతూ, రేవతికి కాళ్ళు వెంటనే ముడుచుకోవద్దని చెబుతోంది. బల్ల దగ్గర బందరు నుంచి వచ్చిన అధికారి కాగితం నింపుతున్నాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"చూడమ్మా, ఇది తేలిక పని కాదు. తుపాను హెచ్చరిక ఉన్నరోజు కూడా నీళ్ళలోకి దిగాల్సి రావచ్చు. మీ ఆయన ఒప్పుకుంటాడా? రేపు ఆయన వచ్చి గొడవ చేస్తే మాకు ఇబ్బంది."

నాగేశ్వరమ్మ చెంబు కింద పెట్టి మొగుడి వైపు చూసింది. అధికారి కూడా చూశాడు. వద్దనడానికి ధనరాజు దగ్గర కారణాలు లేకపోలేదు, నడిచొచ్చిన దారి పొడుగునా అవే అతని వెంట వచ్చాయి. డొక్కలో పోటు ఇంకా తగ్గలేదు. బల్ల అంచు పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని చెప్పాడు.

"పదిహేనేళ్ళ నుంచి సముద్రం మీదకి వెళ్తున్నానండీ. ఒప్పుకుంటావా అని ఒక్కరోజు కూడా నేను ఆవిణ్ణి అడగలేదు. ఇప్పుడు నన్నెందుకండీ అడుగుతారు? రాసుకోండి."

అధికారి తల వంచుకుని పేరు రాసుకున్నాడు.